ముందుకు రెండు చుట్లు, వెనక్కి రెండు చుట్లు

చైనా వర్తకుడి బల్ల మీద ఉండే లెక్కల చట్రం పేరు సువాన్‌పాన్. మన ఊళ్ళలో అబాకస్ క్లాసులకు వెళ్ళే పిల్లల చేతుల్లో కనిపించేది జపాన్ రకం, అందులో ఊచకు అయిదే పూసలు. చైనా దాంట్లో ఏడు: అడ్డకర్రకు పైన రెండు, కింద అయిదు. పదమూడు ఊచల చట్రానికి 91 పూసలు కావాలి. అన్నీ ఒకే మందం, ఒకే చుట్టుకొలత, బెజ్జం సరిగ్గా నడుమన పడాలి. ఒక్క పూస రవ్వంత లావైనా పక్క ఊచ పూసను నెట్టేస్తుంది, లెక్క తప్పుతుంది. ఇలాంటి పూసలు, అప్పడాల కర్రలు, మూత డబ్బాలు, చదరంగం బిళ్ళలు, పనిముట్ల పిడులు కరెంటు రాకముందు చైనా పనివాళ్ళు లెక్కలేనన్ని చేశారు. వాళ్ళ యంత్రంలో మోటారు లేదు సరే, చక్రం కూడా లేదు. ఒక ఇరుసు, ఒక తాడు, రెండు తొక్కుడు చెక్కలు, అంతే.

తిరిగే కర్రను ఉలితో గుండ్రంగా చెక్కే సాధనాన్ని మన పాత వడ్రంగులు తరిమెన అన్నారు, ఇప్పుడు అందరూ లేత్ అంటున్నారు. రంపం, బాడిస, చిత్రిక ఏదైనా సరే, అక్కడ వస్తువు నిలబడి ఉంటుంది, పనిముట్టు కదులుతుంది. తరిమెన దీన్ని తలకిందులు చేసింది. వస్తువు తిరుగుతుంది, ఉలి నిలుస్తుంది. ఉలి అంచు ఇరుసు నుంచి ఎంత దూరంలో నిలిస్తే, వస్తువు చుట్టూ అన్ని వైపులా అంతే దూరం మిగులుతుంది. గుండ్రదనాన్ని కంటితో చూసి సరిచేయాల్సిన పని లేదు. యంత్రం గతిలోనే వృత్తం ఉంది. అబాకస్ పూస లాంటి వస్తువు లక్షల్లో పుట్టడానికి కారణం ఈ చిన్న మార్పే.

ఈ యంత్రం ఆనుపానులు మనకు వివరంగా దొరకడానికి ఒక అమెరికన్ పిచ్చి తోడ్పడింది. పెన్సిల్వేనియాలోని డోయిల్స్‌టౌన్‌లో హెన్రీ మెర్సర్ అనే ఆయన చేతి పనిముట్లను పోగుచేసి, కాంక్రీటు కోట లాంటి మ్యూజియం కట్టి, 1916లో తెరిచాడు. ఆయన తరఫున రుడాల్ఫ్ హోమెల్ 1920లలో చైనా పల్లెల్లో తిరిగి పనిముట్లను, వాటితో పనిచేసే మనుషులను ఫొటోలు తీశాడు. అవి 1937లో 'చైనా ఎట్ వర్క్' పుస్తకంగా వచ్చాయి. రాజవంశాల పింగాణీ మీద వందల పుస్తకాలున్న రోజుల్లో, ఆ పింగాణీ గిన్నెలో అన్నం తిన్నవాడి రంపం, పార, తరిమెన ఎలా ఉండేవో పట్టించుకున్న పుస్తకాలు వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిందే.

యంత్రం ఎలా పనిచేస్తుందో అర్థం కావడానికి మనవాళ్ళకు బొమ్మ అక్కర్లేదు. మజ్జిగ చిలికే కవ్వాన్ని తలుచుకుంటే చాలు. కవ్వానికి తాడు చుట్టి రెండు కొసలూ రెండు చేతుల్తో లాగుతాం. కుడి కొస లాగితే కవ్వం ఒక వైపు తిరుగుతుంది, ఎడమ కొస లాగితే రెండో వైపు. ఇప్పుడు ఆ కవ్వాన్ని బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టి, తాడు కొసలు రెండింటినీ కిందికి దించి, రెండు తొక్కుడు చెక్కలకు కట్టేద్దాం. పనివాడు ఎదురుగా కూర్చుంటాడు. కుడి పాదం కిందికి పోతే ఎడమ చెక్క పైకి లేస్తుంది, ఎడమ పాదం తొక్కితే కుడిది లేస్తుంది. ఇరుసు ముందుకు రెండు చుట్లు, వెనక్కి రెండు చుట్లు తిరుగుతూ ఉంటుంది. చేతులు రెండూ ఉలికే మిగిలాయి.

తాడు జారదా? జారదు. కారణం గణితంలో ఉంది. తాడును గుండ్రటి కర్ర చుట్టూ తిప్పితే పట్టు చుట్టుకొక పాలు పెరగదు, చుట్టుకొక రెట్టు పెరుగుతుంది. తాడుకూ కర్రకూ మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. ఒక పూర్తి చుట్టు వేస్తే, ఒక కొసను కిలో బరువుతో బిగపట్టినా రెండో కొస ఆరున్నర కిలోల లాగుడు దాకా జారదు. రెండు చుట్లకు అది 43 కిలోలవుతుంది, మూడు చుట్లకు 280 దాటుతుంది. రేవుల్లో ఒక్క మనిషి మోకును గుంజకు నాలుగు చుట్లు వేసి పడవను ఆపేది ఈ లెక్కతోనే. తరిమెన పనివాడికి ఇందులో ఒక లాభం ఉంది. ఉలి కర్రలో అకస్మాత్తుగా ఇరుక్కుంటే అతను కాలు సడలిస్తాడు. తాడు వదులవగానే పట్టు అంత వేగంగానూ పడిపోతుంది. వస్తువు విరగదు, వేలు తెగదు.

ఇక వేగం. ఇరుసు చుట్టుకొలత 15 సెంటీమీటర్లు, ఒక్క తొక్కుడుకు తాడు కదిలేది 30 సెంటీమీటర్లు అనుకుంటే రెండు చుట్లు వస్తాయి. ఆ తొక్కుడు అర సెకనులో ముగిస్తే సెకనుకు నాలుగు చుట్ల వేగం, అంటే నిమిషానికి 240. తిరిగే కర్ర మందం 5 సెంటీమీటర్లయితే దాని ఉపరితలం ఉలి ముందు నుంచి సెకనుకు దాదాపు 63 సెంటీమీటర్ల చొప్పున సాగుతుంది. ఇప్పటి కరెంటు లేత్ అదే కర్రను నిమిషానికి 1500 చుట్లు తిప్పితే ఆ వేగం సెకనుకు నాలుగు మీటర్లకు చేరువవుతుంది. ఆరు రెట్లు ఎక్కువన్నమాట. పోనీ ఇరుసును సన్నం చేస్తే? చుట్లు పెరుగుతాయి, బలం తగ్గుతుంది. 5 సెంటీమీటర్ల ఇరుసు మీద 15 సెంటీమీటర్ల గిన్నె బిగించి 12 కిలోల బరువుతో తొక్కితే, గిన్నె అంచు దగ్గర ఉలిని ఎదిరించేది నాలుగు కిలోల బలమే. ఇరుసును ఇంకా సన్నం చేస్తే ఆ నాలుగూ ఉండవు. అందుకే పూసలకు ఒక మందం ఇరుసు, గిన్నెలకు ఒక మందం ఇరుసు సరిపోతాయి.

వేగం తక్కువైతే పని నాసిగా వస్తుందని అనుకోవడం కరెంటు అలవాటు చేసిన భ్రమ. వేగం ఎక్కువగా ఉంటే మొండి ఉలి కూడా కర్రను గీకి, చింపి, ఎలాగోలా గుండ్రం చేస్తుంది, తర్వాత గరుకు కాగితం తప్పు కప్పేస్తుంది. నెమ్మదిగా తిరిగే కర్ర దగ్గర ఆ ఆటలు సాగవు. ఉలి వెంట్రుకను కోసేంత పదునుగా ఉండాలి. అలా ఉంటే పేళ్ళు ఉల్లిపొరల్లా లేస్తాయి, ఉపరితలం నున్నగా దిగుతుంది. పచ్చి కర్రయితే ఇంకా సులువు. అప్పుడే నరికిన మానులో నీరు నిండి ఉంటుంది, నార మెత్తగా తెగుతుంది. కాకపోతే పచ్చి కర్ర తర్వాత ఎండి కుంచించుకుపోతుంది, అదీ అన్ని దిక్కులా సమానంగా కాదు. వయసు వలయాల వెంట జరిగే కుంచింపు, మధ్య నుంచి బెరడు వైపు జరిగేదానికి సుమారు రెట్టింపు. గుండ్రంగా చేసిన పచ్చి గిన్నె ఎండాక కోడిగుడ్డు వాటం తిరిగేది అందుకే. అప్పడాల కర్రకు ఆ సొట్ట తెలియదు. మూత సరిగ్గా బిగియాల్సిన డబ్బాకు మాత్రం ఎండిన కర్రే కావాలి.

చేతి పనిని కాలికి అప్పగించడం చైనా వాళ్ళకు కొత్త కాదు. హాన్ రాజ్యకాలపు పండితుడు హువాన్ తాన్ క్రీ.శ. 20 ప్రాంతంలో రోలూ రోకలి గురించి రాస్తూ, రోకలిని చేత్తో ఎత్తడం మాని ఒళ్ళంతా బరువేసి కాలితో తొక్కే దంపుడు వచ్చాక ఫలితం పదింతలైందని, పశువులను, నీటి ధారను కట్టాక వందింతలైందని లెక్కగట్టాడు. పది, వంద అనేవి మాట వరసకు అన్నవే కావచ్చు, కానీ శక్తి గురించి మనిషి అంత తొందరగా, అంత సూటిగా ఆలోచించడం విశేషం. మగ్గానికి తొక్కుడు చెక్కలు, పొలానికి నీళ్ళు ఎత్తిపోసే చెక్క పలకల గొలుసుకు తొక్కుడు మెట్లు, ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే. మనిషి రోజంతా, ఎనిమిది గంటలపాటు, ఆగకుండా ఇవ్వగల శక్తి సుమారు 75 వాట్లు. పాతకాలపు ఒక్క గుండ్రటి బల్బుకు చాలినంత. ఒంట్లో అతి పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి గనక ఆ 75 వాట్లు కాళ్ళ నుంచి వస్తేనే మనిషి సాయంత్రానికి నిలబడతాడు.

కాలికి అప్పగించడంలో కూలీ లెక్క కూడా ఉంది. ఈజిప్టులో సుమారు క్రీ.పూ. 300 నాటి పెటోసిరిస్ సమాధి గోడ మీద, తరిమెన పనికి దొరికిన అతి పాత బొమ్మ ఉంది. అందులో ఒకడు తాడు లాగుతాడు, ఒకడు ఉలి పడతాడు. ఒక వస్తువుకు ఇద్దరు. మన దేశంలోనూ ఒకప్పుడు చాలాచోట్ల పద్ధతి ఇదే. లేదంటే పనివాడే ఒక చేత్తో విల్లు ఆడిస్తూ, రెండో చేతికి తోడు కాలి వేళ్ళతో ఉలిని అదిమి పట్టేవాడు. చైనా తొక్కుడు తరిమెన ఆ రెండో మనిషిని ఇంటికి పంపేసింది.

అయితే ఇందులో ఒక లోపం ఎవరికైనా ఇట్టే కనబడుతుంది. ఉలికి ఒక వైపే పదును. కర్ర ఉలి మీదికి తిరిగినప్పుడే తెగుతుంది. వెనక్కి తిరిగే రెండు చుట్లలో పనివాడు ఉలిని వెంట్రుకవాసి దూరం జరిపి ఆగాల్సిందే. సగం కాలం వృథా. యూరప్‌లో వాడిన గెడ తరిమెనకూ ఇదే జబ్బు. అక్కడ తాడు ఒక కొస తొక్కుడు చెక్కకూ, రెండో కొస పైన వంగే పచ్చి గెడకూ కట్టి ఉంటుంది. తొక్కితే కర్ర ముందుకు తిరుగుతుంది, గెడ లేచినప్పుడు వెనక్కి తిరుగుతుంది. ప్రతి తొక్కుడులోనూ కర్ర చెక్కే బలంతో పాటు గెడను వంచే బలమూ పెట్టాలి. చైనా వాడికి ఆ బరువు లేదు, రెండో కాలే గెడ పని చేస్తుంది. అయినా సగం తిప్పుడు మాత్రం ఉత్తదే.

మరి ఆగకుండా ఒకే వైపు తిప్పే ఉపాయం వాళ్ళకు తెలియదా? బాగా తెలుసు. హాన్ సమాధుల్లో దొరికిన మట్టి బొమ్మల్లో ధాన్యం తూర్పారపట్టే పంకా ఉంది, దానికి తిప్పే పిడి ఉంది. వాంగ్ జెన్ 1313లో వెలువరించిన వ్యవసాయ గ్రంథం 'నాంగ్ షు'లో కాలితో నడిచే రాట్నం బొమ్మలున్నాయి. పాదాలతో ఊపే కర్ర కొస చక్రంలో నడిమికి కాస్త పక్కగా దిగి ఉంటుంది, ఊపు కాస్తా తిప్పుడుగా మారుతుంది, చక్రం నుంచి తాడు మూడు కదుళ్ళకు అందుతుంది. కుట్టుమిషన్ తొక్కుడు సూత్రానికి ఇది అక్కే. ఆ చక్రాన్ని తరిమెనకు తగిలించడం చేతకాని పని కాదు. అయినా ఇరవయ్యో శతాబ్దం దాకా చైనా తరిమెన ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంది. ఎందుకని?

పాత పుస్తకాల్లో సాధారణంగా దొరికే జవాబు వెనకబాటుతనం. నాకు ఆ జవాబు మింగుడుపడదు. కుట్టుమిషన్ తొక్కినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. చక్రం ఒక చోట ఆగితే ఎంత తొక్కినా కదలదు, లేకపోతే వెనక్కి తిరిగి దారం తెంపుతుంది. చేత్తో చక్రాన్ని కాస్త నెట్టాలి. వంకర ఇరుసు ఉన్న ప్రతి యంత్రంలోనూ ఇలాంటి మొండి బిందువులు చుట్టుకు రెండు ఉంటాయి. వాటిని దాటించడానికి బరువైన చక్రం తప్పదు. కుమ్మరి సారె సంగతీ ఇంతే. బరువు ఉంటేనే సారె తనంత తాను తిరుగుతుంది. తరిమెనకు ఆ బరువు పెడితే వంకర ఇరుసు, దాన్ని మోసే ఇనుము, గట్టి చట్రం, ఖర్చు అన్నీ వెంటపడతాయి. పైగా ఆ చక్రం చెప్పిన మాట వినదు. ఉలి జారిందని తెలిసిన క్షణంలో ఆపుదామంటే ఆగదు, దానిలో నిలవున్న శక్తి అయిపోయేదాకా తిరుగుతుంది. తాడు తరిమెనలో కాలు ఆగితే కర్ర ఆగుతుంది. పావు చుట్టు కావాలంటే పావు చుట్టే. ఇరుక్కున్న పొడుగాటి పేడు వెనక్కి తిరిగేటప్పుడు దానంతటదే విడిపోతుంది. యంత్రాన్ని విప్పి భుజాన వేసుకుని పక్క ఊరికి పోవచ్చు.

ఇది నా ఊహ మాత్రమే అనడానికి వీల్లేని సాక్ష్యం ఒకటి ఇంగ్లండ్‌లో ఉంది. చక్రం, వంకర ఇరుసు ఉన్న కాలి తరిమెన బొమ్మ లియొనార్డో డావిన్చి కాగితాల్లోనే కనిపిస్తుంది. తర్వాత ఆవిరి యంత్రాలొచ్చాయి, ఫ్యాక్టరీలొచ్చాయి. కానీ హై వికోంబ్ కుర్చీల ఫ్యాక్టరీలకు కాళ్ళు చేసిచ్చే పనివాళ్ళు చిల్టర్న్ కొండల బీచ్ చెట్ల అడవుల్లో గెడ తరిమెనలు పాతుకుని ఇరవయ్యో శతాబ్దంలో కూడా పనిచేశారు. మానును ఫ్యాక్టరీకి మోసుకుపోయే బదులు యంత్రాన్నే మాను దగ్గరికి తెచ్చుకుంటే మోత తగ్గుతుంది. వాళ్ళకు చక్రం తెలియక కాదు. చవక, తేలిక, కాలికి లొంగడం అనే మూడు గుణాలు సగం వృథాను కొనేశాయి.

చైనాలో తరిమెనకు ఇంకో పరిమితి గిరాకీ వైపు నుంచి వచ్చింది. మింగ్ కాలపు కుర్చీలు, బల్లలు చూస్తే కాళ్ళు నిండు గుండ్రంగా ఉంటాయి, తరిమెన పని అనిపిస్తుంది. కాదు. అవి చిత్రిక పట్టి గుండ్రం చేసినవి. చైనా ఇళ్ళ ఫర్నిచర్ మీద 1944లో పుస్తకం వేసిన గుస్టావ్ ఎకె ఆ వడ్రంగుల నియమాలు చెబుతూ, చెక్క మేకు తప్పనిసరైతేనే, జిగురు వీలైనంత తక్కువ, తరిమెన పని ఎక్కడా వద్దు అన్నవాటిని ప్రధానంగా ఎంచాడు. గొప్పింటి కుర్చీ తరిమెన గడప తొక్కలేదు. తరిమెనవాడికి మిగిలింది చిన్న సామాను, లేదా పైకి కనపడని సామాను.

కనపడని సామానుకు మంచి ఉదాహరణ చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయి. 1972లో అక్కడ తవ్విన మొదటి సమాధి క్రీ.పూ. రెండో శతాబ్దంలో చనిపోయిన దాయ్ ప్రభువు భార్యది. ఆమె శరీరం చెడకుండా దొరికిందని ప్రపంచమంతా మోగిపోయింది గానీ, నాకు ఆసక్తి పక్కన దొరికిన 184 లక్కపూత పాత్రల మీద. ఎరుపు నలుపు పూతల కింద ఉన్నది కర్ర. చెవుల్లాంటి పిడులున్న గిన్నెలను ఉలితో తొలిచారు, పలచటి గుండ్రటి పెట్టెలను చెక్క రేకు వంచి చుట్టారు, మూడు కాళ్ళ పాత్రల, మూత పాత్రల ఒళ్ళు తరిమెన మీద తీశారు. మూడు ఆకారాలకు మూడు పద్ధతులు. పైపూత మన లక్క కాదు, ఒక జాతి చెట్టు పాలు. అది ఎండకు ఆరదు, తేమ గాలిలో ఒక ఎంజైమ్ సాయంతో గట్టిపడుతుంది. పూత తేమను ఆపుతుంది గనక కర్ర ఉబ్బడం, కుంచించుకోవడం తగ్గి గుండ్రదనం నిలుస్తుంది.

సగం తిప్పుడు వృథా అన్నానే, ఆ మాటకు అర్థం మారిపోయే చోటు జేడ్ రాయి. చైనా వాళ్ళు వేల ఏళ్ళుగా బంగారం కన్నా మిన్నగా చూసుకున్న రాయి నెఫ్రైట్ రకం జేడ్. మోస్ కొలతలో దాని కాఠిన్యం 6 నుంచి 6.5 దాకా. ఇనుప ఉలి దాన్ని గీరలేదు. సుత్తితో కొడదామంటే, లోపల సూదుల్లాంటి స్ఫటికాలు నార నేసినట్టు అల్లుకుని ఉండటం వల్ల పగలనే పగలదు. దాన్ని అరగదీయడం ఒక్కటే దారి. క్వార్ట్జ్ ఇసుక కాఠిన్యం 7, గార్నెట్‌ది అటూ ఇటూగా అంతే, కురువిందానిది 9. క్రీ.పూ. 3300–2300 మధ్య హాంగ్‌జౌ ప్రాంతంలో వర్ధిల్లిన లియాంగ్‌జు జనానికి లోహపు పనిముట్లు లేవు. తడి ఇసుక, తాడు, ఓపిక, ఈ మూడింటితోనే జేడ్‌ను కోశారు.

సాంగ్ యింగ్‌షింగ్ 1637లో అచ్చు వేసిన 'తియాన్‌గాంగ్ కైవు' ఆ కాలపు చైనా పరిశ్రమలన్నిటికీ బొమ్మల కోశం. ఉప్పు, చెరకు, పట్టు, ఇనుము, కాగితం దాటి చివరి భాగం ముత్యాలకూ రత్నాలకూ వస్తుంది. అక్కడ జేడ్ కోసే పనివాడు కనిపిస్తాడు. బల్ల మీద అడ్డంగా ఇరుసు, దాని కొసన ఇనుప బిళ్ళ, ఇరుసుకు చుట్టిన తాడు, కింద రెండు తొక్కుడు చెక్కలు, బిళ్ళ కింద నీళ్ళ తొట్టి. అచ్చంగా మన తరిమెనే. ఉలి ఉండాల్సిన చోట రాయి, కర్ర ఉండాల్సిన చోట ఇనుప బిళ్ళ వచ్చాయి. పనివాడు ఒక చేత్తో రాయిని బిళ్ళకు ఆనించి, రెండో చేత్తో తడి ఇసుక వేస్తూ తొక్కుతాడు. ఈ బల్లను తర్వాతివాళ్ళు షుయిడెంగ్, అంటే నీటి పీట అన్నారు.

కోసేది ఇనుము కాదు, ఇసుక. ఇనుము మెత్తనిది గనకే పనికొస్తుంది. ఇసుక రేణువులు దాని అంచులో గుచ్చుకుని నిలబడి, రాయి మీదుగా గీసుకుంటూ పోతాయి. ఇప్పుడు అసలు సంగతి. ఉలికి ఎదురూ వీపూ ఉన్నాయి గానీ ఇసుక రేణువుకు లేవు. బిళ్ళ ముందుకు తిరిగినా గీస్తుంది, వెనక్కి తిరిగినా గీస్తుంది. ఒక్క తొక్కుడు కూడా వృథా కాదు. కర్ర పనిలో సగం దండగ అనిపించిన యంత్రం రాతి పనికి వచ్చేసరికి నూటికి నూరు పాళ్ళు పనిచేస్తోంది. పైగా వేగం తక్కువ కావడం ఇక్కడ లాభం: బిళ్ళ వేగంగా తిరిగితే తడి ఇసుకను విసిరికొడుతుంది, రాయి వేడెక్కుతుంది. లీ చెంగ్‌యువాన్ 1891లో గీసిన జేడ్ పని బొమ్మల్లో, ఇసుక దంచడం మొదలుకుని తోలు బిళ్ళతో మెరుగు పెట్టడం దాకా వరసగా చూపించాడు. 1637 నాటి పనివాణ్ణి ఆ బొమ్మల్లో కూర్చోబెడితే ఏ చెక్క ఎక్కడుందో వెతుక్కునే అవసరం ఉండదు. పీట కింద మోటారు చేరింది ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కొత్త చైనా వర్క్‌షాపులు వచ్చాకే.

ఇదే భౌతికశాస్త్రం మన ఏటికొప్పాకలో ఇంకో రూపంలో పనిచేస్తుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో అంకుడు కర్రను తరిమెన పట్టి బొమ్మలు చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. బొమ్మ నున్నగా తీశాక, తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దాని ఒంటికి ఆనిస్తారు. రాపిడికి వేడి పుడుతుంది, 70 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల లక్క మెత్తబడి కర్రకు పూసుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో అదిమితే పూత అంతటా పరుచుకుని మెరుస్తుంది. రాపిడికి కూడా ఎదురూ వీపూ లేవు, ఎటు తిరిగినా వేడే. మోటార్లు రాకముందు తాడు ఎటు లాగినా లక్క కరిగింది. మోటారు ఆగకుండా తిరుగుతుంది గనక ఆ వేడి త్వరగా పుడుతుంది, తాడు లాగే మనిషి అక్కర్లేదు.

ఇక చైనా తరిమెన పనిలో అందరినీ నోరెళ్ళబెట్టించిన వస్తువు. బంతిలో బంతి, అందులో ఇంకో బంతి. ఏనుగు దంతపు బంతి పైన చిల్లులుంటాయి. చిల్లులోంచి పుల్ల పెట్టి కదిపితే లోపలి బంతులు దేనికది విడిగా తిరుగుతాయి. ఎక్కడా అతుకు లేదు. త్సావ్ జావ్ 1388లో పాత కళావస్తువుల పారఖీ మీద రాసిన 'గెగు యావ్‌లున్'లో ఇలాంటి బంతిని ప్రస్తావించి, దాన్ని దయ్యం చేసిన బంతి అంటారనీ, సాంగ్ రాజుల అంతఃపుర కర్మాగారంలో చేశారని వినికిడి అనీ రాశాడు. తర్వాతి కాలంలో గ్వాంగ్‌జౌ నగరం దీనికి పేరు మోసింది.

దయ్యం లేదు, జ్యామితి ఉంది. ముందుగా దంతపు ముక్కను తరిమెన మీద కచ్చితమైన గోళంగా తీస్తారు. దాని మీద సమాన దూరాల్లో చిల్లుల స్థానాలు గుర్తిస్తారు. సాధారణంగా 14. ఘనానికి ముఖాలు 6, మూలలు 8, కలిపితే 14. గోళం చుట్టూ చిల్లులు పొందికగా పరవడానికి ఆ లెక్క కుదురుతుంది. ప్రతి చిల్లునూ పైన వెడల్పుగా, లోపలికి సన్నగా, కేంద్రం వైపు గురిపెట్టి తొలుస్తారు. తర్వాత కొస వంచిన పనిముట్లు వస్తాయి. పొడుగు కాడ, చివర పక్కకు తిరిగిన చిన్న పదును. కాడను చిల్లులోకి నిర్ణీత లోతుకు దించి బంతిని తిప్పితే, పదును లోపల పక్కవాటుగా గాడి తీస్తుంది. కొక్కెం పొడుగు కాస్త కాస్త పెంచుతూ పోతే గాడి వెడల్పవుతుంది. ఒక చిల్లు గాడి పక్క చిల్లు గాడిని కలుసుకుంటుంది. పద్నాలుగు చిల్లుల్లోనూ ఒకే లోతులో ఈ పని ముగిశాక లోపలి గోళం చుట్టూ ఊడిపోతుంది. ముందు అన్నిటికన్నా లోపలిది, ఆ తర్వాత దాని పైది. విడిపోయిన బంతి లోపల కదలకుండా చిల్లుల్లో మేకులు దిగ్గొడతారు, లేకపోతే తర్వాతి పొర గాడిలోకి అది ఒరుగుతుంది.

పని జరిగే చోటు పనివాడికి కనపడదు. ఉలి ఎంత తెగుతుందో చేతికి అందే వణుకును బట్టి, చప్పుడును బట్టి తెలుసుకోవాలి. కాలితో పావు చుట్టు, అర చుట్టు ఆడించి ఆపగల తరిమెన అక్కడ అక్కరకొస్తుంది. చక్రం ఉన్న యంత్రం మీద అసాధ్యమని అనను. పదిహేడో శతాబ్దంలో జర్మనీలోని నురెంబర్గ్‌లో జిక్ కుటుంబం బోలు గోళాల్లో గోళాలు తీసి రాజుల మ్యూజియాలు నింపింది. దంతం గుణం కూడా కలిసొచ్చింది. కర్రకు నార దిక్కు ఉంటుంది, పలచటి గుండ్రటి పెంకుగా తీస్తే నారకు అడ్డంగా వచ్చిన చోట విరుగుతుంది. దంతానికి ఆ బాధ దాదాపు లేదు, ఎటు కోసినా ఒకేలా తెగుతుంది.

2017 చివరికి చైనా దంతం వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించింది. అలంకారం కోసం ఏనుగులు చావకూడదు, నిషేధం రావాల్సిందే. గ్వాంగ్‌జౌ పనివాళ్ళు ఎముక వైపు, సైబీరియా మంచులోంచి తీసిన మామత్ దంతం వైపు మళ్ళారు. మామత్ దంతం ఏనుగు దంతానికి దగ్గరి చుట్టమే గానీ వేల ఏళ్ళు మంచులో గడ్డకట్టీ కరిగీ పగుళ్ళు తీసి ఉంటుంది. పగులు పైపొరలోనే ఆగిందా, ఏడో బంతి దాకా దిగిందా అనేది ముక్కను గోళంగా తీసి, చిల్లులు తొలిచి, కొక్కెం లోపలికి దించేదాకా పైనుంచి చూసి చెప్పడం కష్టం.